మా మావ మీసం, మంగ్లా ట్రాక్టరు

ఆ రోజుల్లో మాటకీ బరువుండేది, ఇనుముకీ బరువుండేది. ఇప్పుడు రెండూ రేకైపోయాయి. మొన్న మా మనవడు "తాతా, మీ చిన్నప్పుడు ట్రాక్టర్లెక్కడివి?" అని నన్నే నిలదీశాడు. (నాలుగో తరగతితో బడి మానేసి, ఇంజన్ల పుస్తకాలు నా అంతట నేనే చదువుకున్న నన్ను!) ఉండేది నాయనా! బిలాస్‌పూర్ పక్కన, అప్పటికింకా పల్లెటూరైన మంగ్లాలో, దావూ అని పిలిచే భూస్వామి దగ్గర ఉండేది. ఇనప చక్రాల ముసలి ట్రాక్టరు. దున్నేది తక్కువ, దగ్గేది ఎక్కువ. బేరింగు మార్చడానికి దాని ఫ్లైవీల్ ఊడదీశారు. ఇంజను పక్కన తిరిగే ఆ బరువైన చక్రం మళ్ళీ ఇరుసు మీదికి ఎక్కనని మొండికేసింది.

రైలింజన్లు బాగుచేసే లోకో షెడ్డులో ఫిట్టరైన మా మేనమావకి కబురొచ్చింది. అప్పుడే డ్యూటీలో చేరిన నేను, మొలకెత్తిన మీసాన్ని దారంతా మెలేసుకుంటూ ఆయన వెంట వెళ్ళాను. దావూ ఇంటి ఆడవాళ్ళతో స్నేహం కాబట్టి అత్తా వచ్చింది. "పట్టాల మీద నడిచేవే మీకు తెలుసు, ఇది పొలం బండి" అని దావూ నవ్వాడు. మావకి పౌరుషమొచ్చింది. షెడ్డంతా గర్వపడే తన మీసం మీద చెయ్యేసి, "అచ్ఛా దావూ! నేనెక్కించిన చక్రం మళ్ళీ ఊడిందంటే ఈ మీసం తీయించేస్తాను" అన్నాడు.

రైలు చక్రాలకి ఇనప టైరు ఎక్కించే పద్ధతే వాడాడు. చక్రం నడిమి బెజ్జం చుట్టూ పిడకలు కాల్చితే ఇనుము సాగుతుంది. చల్లారాక ఇరుసుని మొసలిలా పట్టేస్తుంది. "ఒరే గుంటడా, అలగ కాదు, ఇలగ పట్టు! తోయ్!" ఎక్కింది! పెళ్ళికూతురు పీటల మీద కూర్చున్నంత ఒద్దికగా ఎక్కింది. చల్లారాక మావ సుత్తితో మోగిస్తే గంటలా పలికింది.

అత్త గుండ్రటి పళ్ళెంలో విస్తరి పరిచి వేడి వేడి బజ్జీలు తెచ్చింది. ఆఖరి బజ్జీకి అంటుకుని విస్తరీ లేచొచ్చింది. పళ్ళెం నడుమ పెద్ద చిల్లు, చుట్టూ నాలుగు బోల్టు బెజ్జాలు!

"ఇదెక్కడిదే?" అన్నాడు మావ, నీరుగారిపోయి.

"మీరే గదా పొద్దున్న సేతికిచ్చి కడిగి పెట్టమన్నారు! పళ్ళెం బాగుందని పెట్టాను. ఏటయ్యింది?"

అది ఫ్లైవీల్ వెనక బిగించాల్సిన మూత. లేకపోతే దుమ్ము లోపలికి పోయి కొత్త బేరింగు అరిగిపోతుంది. చక్రం ఊడదీస్తే గాని అది బిగించడం కుదరదు.

"మావా, మూత నేకపోయినా నడుస్తాది గదా. ఎవులికి తెలుస్తాది?" అన్నాను మెల్లగా.

"బేరింగుకి తెలుస్తాదిరా."

చక్రం ముట్టుకోకముందే మంగలిని పిలిపించాడు. "అరె, నేనేదో నవ్వులాటకన్నాను!" అని దావూ చేతులడ్డం పెట్టాడు. "జబాన్ దియా హై, దావూ, మాటిచ్చేశాను" అని మావ గడ్డం పైకెత్తి కూర్చున్నాడు. అత్త గోడవైపు తిరిగింది (నవ్వో ఏడుపో నాకు తెలీలేదు). మీసం రాలాక, మళ్ళీ పిడకలు, మళ్ళీ మంట. చక్రం దిగింది, మూత బిగిసింది, చక్రం మళ్ళీ ఎక్కింది. పొద్దు వాలేలోగా ఇంజను దడదడలాడితే, దావూ తలపాగా తీసి చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. (మర్నాడు షెడ్డు గేటులో మాత్రం మావని పోల్చుకోలేక, "కౌన్ హో భాయ్?" అని ఆపేశారు.)

తిరుగుదారిలో నేను గాలి తగులుతోందన్నట్టు పై పెదవి మీద చెయ్యి అడ్డం పెట్టుకునే నడిచాను. నా ఆ మీసమిప్పుడు తెల్లబడింది. ఎవరింట్లోనైనా ఆకు పరిచి పలహారం పెడితే, ముందు ఆకెత్తి అడుగు చూస్తాను. "ఏటి తాతా, పురుగుందా?" అని మనవడు నవ్వుతాడు. లేదురా అని మీసం ఓసారి తడుముకుని, తింటాను.