ఖఫ్జీలో నా మౌతార్గన్

ఆ రోజుల్లో గల్ఫ్‌కి వెళ్లిన ప్రతివాడూ ఏదో ఒకటి సాధించే తిరిగొస్తాడని మా ఊళ్లో గట్టి నమ్మకం. నేను మాత్రం సౌదీలోని ఖఫ్జీ చేరిన కొన్నాళ్లకే ఇంటిమీద బెంగతో నీరుగారిపోయి, శనివారం ఆఫీసు తెరవగానే ఉద్యోగం వదిలి ఇంటికెళ్లే ఎగ్జిట్ వీసా అడిగేద్దామని తీర్మానించుకున్నాను. (ఇంజనీరునన్న మాటేగానీ, బెంగలో ఎల్‌కేజీ పిల్లాడికి ఏమాత్రం తీసిపోను.) ఆయిల్ క్యాంపులో నాతో మాట్లాడే మనిషల్లా నా రూమ్మేటు, కరీంనగర్ అన్న. గురువారం సాయంత్రం నేను పెట్టె సర్దుతుంటే, అడుగున ఉన్న మౌతార్గన్ ఆయన కంటబడింది.

"ఇది ఊద వస్తదా నీకు?"

"కాలేజీలో ప్రైజొచ్చింది," అన్నాను. (కన్సొలేషన్ ప్రైజు. పోటీలో ఉన్నదే ముగ్గురం.)

"మరి గీడ కూసొని ఏం జేస్తున్నవ్? పా, మెస్సుల గడ్డపాయన గిటార్ వాయిస్తుండు. ఊదెటోడు కావాలని అడుగుతుండు."

గడ్డపాయన మా అమెరికన్ సూపర్‌వైజరు. గురువారం సాయంత్రం, అక్కడి వారాంతం మొదలవగానే, మెస్సు హాల్లో కూర్చుని బ్లూస్ వాయించేవాడు. పత్తి చేలల్లో చెమటోడ్చిన నల్లజాతి కూలీల దుఃఖంలోంచి పుట్టిన సంగీతమట అది. చవకగా దొరికేది, జేబులో పట్టేది కాబట్టి మౌతార్గనే వాళ్లకి తోడయిందట. ఆయన గిటార్ అందుకున్నాడు. నేను చెవి రిక్కించి విని, పెద్ద విద్వాంసుడిలా ఆపాను. "సార్, నాది సి శ్రుతి. మీరు జిలో వాయిస్తున్నారు." పక్కనుంచి అన్న నా కాలు తొక్కాడు. గడ్డపాయన నవ్వి, "బ్లూస్‌కి అలాగే కావాలి. ఊదకు, పీల్చు. ఇందులో ఏడుపంతా లోపలికే," అన్నాడు.

హాలంతా నావైపే చూస్తోంది. ఇక్కడా పరువు పోతే శనివారం దాకా కూడా ఆగలేననిపించింది. కళ్లు మూసుకుని గుండెనిండా పీల్చాను.

అమ్మ కట్టిచ్చిన కారప్పొడి పొట్లం పెట్టెలో ఎప్పుడు చిట్లిందో నాకు తెలియదు. మౌతార్గన్ కన్నాల్లో దాక్కున్న గుంటూరు కారం ఒక్కసారిగా గొంతులోకి దిగింది. ఎదురుగా సూపర్‌వైజరు, తీసేద్దామంటే నామోషీ. అందుకని వాద్యం నోట్లో ఉండగానే దగ్గాను, ఎగపీల్చాను, మూలిగాను. కళ్లవెంట నీళ్లు ధారకట్టాయి. గడ్డపాయన ఆ ఊపుకి తగ్గట్టు గిటార్ మీటుతూనే ఉన్నాడు. ఆపేసరికి చప్పట్లు. ఆయన లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, "ఇంటిని ఇంతగా తలుచుకునేవాణ్ణి ఇన్నాళ్లూ చూడలేదు. వచ్చే గురువారం తప్పకుండా రా," అన్నాడు. నిజం చెబుదామని నోరు తెరిస్తే మళ్లీ దగ్గే వచ్చింది.

"మంచిగ వాయించినవ్ తమ్మీ, మా అమ్మ యాదికొచ్చింది," అన్నాడు అన్న, కళ్లు తుడుచుకుంటూ. నాకూ అమ్మే గుర్తొచ్చింది, కారణం వేరు.

శనివారం ఆఫీసుకెళ్లాను గానీ ఎగ్జిట్ మాట ఎత్తలేదు. మళ్లీ గురువారం ఎప్పుడొస్తుందా అన్నదే ధ్యాస. ఆ తర్వాత ఖఫ్జీలో చాలా ఏళ్లున్నాను. స్వరం వంచడం, అరచేతులతో కప్పి మూలిగించడం, అన్నీ పద్ధతిగా నేర్చుకున్నాను. ఆ మొదటి సాయంత్రపు ఏడుపు మాత్రం మళ్లీ పలకలేదు. అంత బెంగ పడగలిగిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం అసూయగానూ ఉంటుంది. ఇప్పటికీ వాయించే ముందు కారప్పొడి సీసా వంక ఒకసారి ఆశగా చూస్తాను. మా ఆవిడ చూసీ చూడనట్టు దాన్ని పై అరలోకి జరుపుతుంది.