కాలువ వార్తలో చివరి పేరా

మా విభాగంలో చదివినవాళ్లంతా కలుస్తున్నారనీ, మాకు వార్తలు రాయడం నేర్పిన సారుకు సన్మానమనీ, నేనూ రెండు మాటలు మాట్లాడాలనీ మొన్న ఫోన్లో ఆహ్వానం వచ్చింది. నేను పోను. ఇన్నేళ్లయినా ఈ పట్టుదలేమిటని మా ఇంటావిడ విసుక్కుంటుంది గానీ, మన తరం వాళ్లకు చెబితే అర్థమవుతుందని రాస్తున్నాను.

తిరుపతిలో సర్కారు విశ్వవిద్యాలయంలో డిగ్రీకి జర్నలిజం తీసుకున్న రోజుల్లో, విద్యార్థులే రాసి అచ్చువేసే చిన్న పత్రిక ఒకటి మాకుండేది. ఆ వేసవిలో ఐరాల దగ్గర మా ఊరివాళ్లు, ఏ అధికారి కోసమూ ఎదురుచూడకుండా, తామే పారలు పట్టి కాలువ పూడిక తీశారు. పనంతా అయ్యాక తహశీల్దారు వచ్చి ఫోటో దిగి వెళ్లాడు. నేను ఆ వార్త రాసి, మన జిల్లా పేజీల్లో అలవాటే కదా, చివరన పనిచేసినవాళ్ల పేర్లన్నీ చేర్చాను. అందులో నాయన పేరుంది. ఆ సంగతి ఆయన అప్పటికే ఊరంతా చెప్పుకున్నాడు.

సారు నా కాగితాన్ని క్లాసులో పైకెత్తి, "ఇది వార్తా, పెండ్లి కార్డా?" అని ఆ పేరా మొత్తం కొట్టేశారు. అందరూ నవ్వారు. తహశీల్దారు పేరు మాత్రం ఉంచారు. అధికారి పేరైతే వార్తేనట!

అచ్చయిన కట్ట తీసుకుని ఊళ్లో బస్సు దిగేసరికి నాయన అక్కడే ఉన్నాడు. నేను నోరు తెరిచేలోగా కట్ట లాక్కుని టీ అంగట్లో తలా ఒకటి పంచేశాడు. పెదనాయన పైకి చదివి, తహశీల్దారు దగ్గర ఆగి, కాగితం తిప్పి వెనకవైపు కూడా చూసి నాయనను అడిగాడు.

"యాడప్పా మన పేర్లు? పార పట్టింది మనమా, ఆయప్పా?"

"నీ కొడుకు సదువు బాగుండాది లేబ్బా," అన్నాడు పక్కింటాయన, "అప్పుడే ఆఫీసర్లకు దండం పెట్టేది నేర్సుకున్నాడు."

నాయన నావైపు చూడకుండానే, "కాగితంలో జాగా సాల్లేదంటన్నా" అన్నాడు. ఆ పేజీ అడుగున బెత్తెడు ఖాళీ, తెల్లగా, అందరికీ కనిపిస్తూనే ఉంది. పెదనాయన ఆ ఖాళీ లోపలికి పోయేలా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ మడతను నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

ఇప్పుడు మా ఊళ్లో కొళాయి బాగుచేసినా ఎవరి ఫోటో వాళ్లే, పేరుతో సహా, ఫోన్లో పెట్టుకుంటున్నారు. కొట్టేసేవాడు లేడు. మంచిదే. తన పేరు వేరొకడు రాస్తాడని నమ్మి, ఊరంతటికీ ముందే చెప్పుకునే మనిషి కూడా లేడు.