గోడ అవతలి డయాలసిస్ సెంటర్

కరోనా తగ్గిన మరుసటి ఏడాది అది. సికింద్రాబాద్ శివార్లలో కొత్త కాలనీలు ఒకదాని పక్కన ఒకటి లేస్తున్నాయి. నేను మెట్టుగూడ నుంచి రోజూ స్కూటీ మీద మున్సిపల్ ఆఫీసుకు వెళ్లేదాన్ని. టౌన్ ప్లానింగ్‌లో సర్వేయర్‌ని. ప్లాట్లు, రోడ్లు గీసిన పటాన్ని లేఅవుట్ అంటారు. నేల మీద కూడా అలాగే ఉందో లేదో కొలిచి సంతకం చేయడం నా పని.

ఒక సోమవారం యూసుఫ్ గారు అర్జీ తెచ్చారు. మోండా మార్కెట్ దగ్గర దర్జీ. ఈమధ్యే శివార్లో చిన్న ఇల్లు కట్టుకున్నారు. భార్య ఖదీజాకు వారానికి మూడుసార్లు డయాలసిస్.

"మా డాబా మీదికెల్లి చూస్తే ఆ సెంటర్ కనబడుతది మేడం. పోవాలంటే మాత్రం మెయిన్ రోడ్డు ఎక్కి అంతా చుట్టు తిరగాలె," అన్నారు. వాళ్ల వీధి చివర పక్క కాలనీ గోడ అడ్డం. దాన్ని తీయించమని అర్జీ.

పాత ఫైళ్లు తీశాను. గోడ సక్రమమే. రెండు కాలనీల లేఅవుట్లలోనూ ఆ వీధి డెడ్ ఎండ్, అంటే అక్కడితో ఆగిపోయేది. కింద సంతకాలు నావే. వెడల్పు జాగ్రత్తగా కొలిచాను కానీ, అవతలి వీధితో ఎందుకు కలపలేదని అడగలేదు. ఆ మాట యూసుఫ్ గారికి దాచకుండా చెప్పాను.

"మరి ఇప్పుడేం చేద్దాం మేడం?"

నోటీసిచ్చే అధికారం నాకు లేదు. బతిమాలడమే మిగిలింది. పక్క కాలనీ సంఘం అధ్యక్షురాలు సరోజ గారు రిటైరైన టీచర్. గోడ తీస్తే మెయిన్ రోడ్డు బండ్లన్నీ ఇటే వస్తాయని, పిల్లలు బయట ఆడుకోలేరని ఆమె భయం. అదీ నిజమే. వాదించకుండా, డయాలసిస్ అయ్యాక ఖదీజాతో ఒక్కసారి ఇంటిదాకా నడవమని కోరాను.

ఆమె సరేనన్నారు. తర్వాతి డయాలసిస్ రోజు మధ్యాహ్నం సెంటర్ నుంచి ముగ్గురం బయల్దేరాం. తిరుగు బేరం దొరకదని ఆటోవాళ్లు ఆ వీధికి రామన్నారు. ఖదీజా దారిలో మూడుచోట్ల కూలబడింది. మూడోసారి ఒక షాపు మెట్ల మీద సరోజ గారు ఆమె పక్కనే కూర్చున్నారు.

"గింత దూరమని నాకు తెల్వదమ్మా," అన్నారు.

సంఘాన్ని ఆమే ఒప్పించారు. గోడలో ఆటో పట్టనంత, వీల్‌చైర్ పట్టేంత దారి తెరిచారు. దానికి పటం గీసి, పై అధికారి అనుమతి నేను తెచ్చాను. మొదటి రోజు ఖదీజా ఎక్కడా ఆగకుండా ఇల్లు చేరింది. గుమ్మంలో నిలబడి ఆకాశం వైపు చూసి, "ఇంక చానా పొద్దున్నది," అంది.

ఇప్పుడు ఏ లేఅవుట్ వచ్చినా, టేపు తీసేముందు ప్రతి వీధీ చివరిదాకా నడుస్తాను. గోడ కనిపిస్తే చుట్టూ తిరిగి వెళ్లి, అవతల ఎవరున్నారో కనుక్కుంటాను.