ఎర్ర సిరాతో పేరా గుర్తు

సాయంత్రం నుంచి వీధిలో సైకిల్ బెల్లు మోగితే చాలు, గుండె ఝల్లుమంటోంది. నేను చిత్తూరులో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. ఈ ఎమర్జెన్సీ మొదలయ్యాక సైకిల్ మీద తిరిగి ప్రెస్సులన్నీ చూసిపోయే కానిస్టేబుల్ ఈ మధ్యాహ్నం మా దగ్గరికి వచ్చి, నా బల్ల మీది ఊరగాయల పుస్తకం ప్రూఫు చేతిలోకి తీసుకున్నాడు. అంచుల నిండా నేను ఎర్ర సిరాతో వేసిన ¶ గుర్తులు. "ఏందప్పా ఇవి? ఎవురికి సైగలు?" అన్నాడు. "సైగలు కాదు సార్, ఈడ కొత్త పేరా మొదలుపెట్టమని అచ్చు అక్షరాలు పేర్చే కంపోజిటరుకు చెప్పేది. దొరల దేశాల్లో తోలు మీద రాసే కాలంలో జాగా వృథా కాకుండా అంతా కలిపి రాస్తా ఉండిరి. కొత్త సంగతి వచ్చేకాడ ఇట్లే ఎర్రగా గుర్తు పెడతా ఉండిరి" అన్నాను. "నువ్వు చెప్తే నేను నమ్మినా. స్టేషన్లో మా ఎస్సై అయ్యకి ఎవురు చెప్తారు?" అంటూ ప్రూఫు మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆవకాయలో ఉప్పెంత వేయాలో రాసిన కాగితానికి ఇంత భయమా అని నవ్వకండి, మీరైతే ఏమని చెప్పేవారో చెప్పండి. నేను మాత్రం ఎందుకైనా మంచిదని ఇదంతా ఎక్కడా పేరా విడగొట్టకుండా రాశాను.