కోటేశ్వరమ్మ డబ్బాలో బేరింగులు

ఎల్బీనగర్‌లో ట్రాలీ ఆటో నడిపే లింగస్వామి తన కారును ఏనాడూ మెకానిక్‌కి ఇచ్చిన పాపాన పోలేదు. అది ఇరవై ఏళ్ల పాత కారు. నెల రోజులుగా ముందు చక్రాల బేరింగులు అరిగి, రోడ్డెక్కితే చాలు, పిండిమర మోత.

"ఐదింటికి పాత కార్లు కొనేటాయన ఒస్తుండు. అప్పటికి మోతన్న పోవాలె, కారన్న పోవాలె," అని భార్య అండాలమ్మ తేల్చేసింది.

కుడి చక్రం పొద్దున్నే అయిపోయింది. ఇక ఎడమది. బేరింగు కూర్చునే ఇనప గూడును పొయ్యి మీద కాల్చి, కొత్త బేరింగులను ఫ్రీజర్లో పెట్టడం లింగస్వామి పద్ధతి. వేడికి గూడు సాగుతుంది, చలికి బేరింగు ముడుచుకుంటుంది.

మూడింటికి గూడు చుర్రుమనేలా కాలింది. ఫ్రీజర్ తెరిస్తే బేరింగుల్లేవు!

"గీడ స్టీలు డబ్బా ఏమైందే?"

"కోటేశ్వరమ్మక్క పులిహోర పంపిన డబ్బా గదా? ఇచ్చొచ్చిన."

"అందుల నా బేరింగులున్నయే!"

"ఖాళీ డబ్బా ఎట్లిస్తరు? బరువుండె. నువ్వే స్వీట్లు తెచ్చినవనుకున్న."

"నేను తెచ్చే మొఖమేనా? జర ఆలోచించొద్దా!"

గూడు చల్లారితే పనంతా మళ్లీ మొదటికే. దాన్ని గోనెసంచిలో చుట్టుకుని, సుత్తి, పాత బేరింగులు జేబుల్లో కుక్కుకుని, లింగస్వామి ఒక్క ఉరుకులో కోటేశ్వరమ్మ ఉండే పై పోర్షన్‌కి చేరాడు.

గుడివాడ నుంచి వచ్చి పాతికేళ్లయినా కోటేశ్వరమ్మ మాట మారలేదు. "రా తమ్ముడూ. మీ సకినాలు గుండ్రంగా, గట్టిగా ఉంటాయని విన్నాను గానీ, మరీ ఇంతగానా! చల్లగా వచ్చాయి కదా అని ఫ్రీజర్లోనే పెట్టానయ్యా."

"నీ కాళ్లు మొక్కుత అక్కా!"

ఆమె రుబ్బురోలు మీదే గూడు పెట్టి, అందులో కొత్త బేరింగు ఉంచి, పైన పాతది అడ్డం పెట్టి సుత్తితో కొట్టాడు. టక్కున కూర్చుంది. తిరగేసి రెండోది. అదీ టక్కున.

చక్రం బిగించేసరికి ఐదైంది. కార్లు కొనే ఆయన రానే వచ్చాడు. అండాలమ్మ ముందు కూర్చుంటే, మోత పోయిందో లేదో చూద్దామని ఆయన్నీ వెనక ఎక్కించుకున్నారు. కోటేశ్వరమ్మ కూడా డబ్బాతో సహా ఎక్కేసింది.

వనస్థలిపురం దాకా మోత లేదు. లింగస్వామి ఈల వేయబోయాడు. అంతలో మలుపు దగ్గర వెనక నుంచి లొడలొడమని చప్పుడు! బండి ఆపాడు. చప్పుడూ ఆగింది.

కోటేశ్వరమ్మ ఒళ్లోని డబ్బా మూత తీసింది. లోపల పాత బేరింగులు.

"రోలు మీద మర్చిపోయావు తమ్ముడూ. నేను మాత్రం ఖాళీ డబ్బా ఎలా ఇస్తాను?"

అండాలమ్మ పగలబడి నవ్వి, కార్లాయన వైపు తిరిగింది. "కారు ఇయ్యం అన్నా. గా సకినాలు కావాల్నంటే తీస్కపో."