దీపాలు పెట్టేదాకా

యాదలక్ష్మిని మొదట కొట్టింది బిక్షమయ్య. మా కాలనీలో ఇంటింటికీ నీళ్ల క్యాన్లు వేసే మనిషి. చేతిలో ఉన్న హెల్మెట్‌తో ముఖం మీద కొట్టాడు. ఆమె చంకలో పసిగుడ్డు ఉంది. బిడ్డకు తగలకుండా ఒళ్లు తిప్పుకుంది కాబట్టి రెండో దెబ్బ వీపున పడింది. అడ్డం వెళ్లిన నన్ను ఎవరో కిందికి తోసేశారు.

యాదలక్ష్మి ఎవరో ముందు చెప్పాలి. లేకపోతే ఆ రోజు ఫోన్లలో తిరిగిన వీడియోలో కనబడిన ఆడదే యాదలక్ష్మి అనుకుంటారు. నల్గొండ దగ్గరి పల్లె నుంచి మొగుడితో పట్నం వచ్చింది. అతను లారీ కింద పడి పోయాక, ఎల్బీ నగర్ మెయిన్ రోడ్డు పక్కన జొన్నరొట్టెల బండి పెట్టుకుని నలుగురు పిల్లల్ని పెంచింది. నోరు పెద్దది. రొట్టె మాడిందన్నవాడికి "అయితే ఇంటికి వోయి నువ్వే చేస్కో" అని చెప్పి పంపేది. పక్క పోర్షన్‌లో కిరాయికుండి బట్టలు కుట్టుకునే నాకు మాత్రం రోజూ ఒక రొట్టె తీసిపెట్టేది. బండి మీద స్టీలు గ్లాసుకు ఫోను ఆనించి పెట్టుకునేది. పొద్దున ప్రవచనాలు, సాయంత్రం వింతలు. చెప్పేవాడి గొంతు గట్టిగా ఉంటే చాలు, అది ఆమెకు వేదవాక్కు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందన్న వీడియోను నాకు పంపింది కూడా ఆమే.

"వేదా, తలుపు గడియ వెట్టుకో. ఆడోళ్లే వస్తున్నరంట" అంది.

ఆమె పిల్లలు నలుగురూ గుండ్రాయిల్లా ఉన్నారు. అందుకే పుట్టిన బిడ్డలు దక్కని తల్లులు ఆమె దగ్గరికి వచ్చేవాళ్లు. మా పల్లెల్లో పాత ఆచారం ఒకటుంది. అలాంటి ఇంట్లో బిడ్డ పుడితే చేటలో వేసి పెంట మీద పెడతారు. పిల్లలు నిలిచిన ఇంకో తల్లి చారెడు తవుడు ఇచ్చి ఆ బిడ్డను కొనుక్కుంటుంది. చావు వెతుక్కుంటూ వచ్చినా, ఈ బిడ్డ ఆ ఇంటిది కాదని తిరిగిపోతుందట. పొద్దుగూకి దీపాలు పెట్టేదాకా కన్నతల్లి ఆ బిడ్డను నాది అనకూడదు. అంటే కొన్నది చెల్లదు, బిడ్డ దక్కదు. దీపాలు పెట్టాక కొన్నావిడే బిడ్డను తిరిగి తల్లి ఒడిలో పెడుతుంది. ఇలా బతికినవాళ్లకే పెంటయ్యలనీ బిక్షమయ్యలనీ పేర్లు పెట్టేవాళ్లు.

శ్రీకళ మా వెనక వీధి పిల్ల. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగులు తీసుకుని కంప్యూటర్ ఉద్యోగం తెచ్చుకుంది. వరసగా ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయారు. మూడోది ఆడపిల్ల. ఇంత చదివి నువ్వు కూడానా అని నేను అడిగాను.

"డాక్టర్ చెప్పింది చేసిన వేదక్కా, గిది గూడ చేస్త. దేంట్ల బతికితే దాంట్ల బతకనీ" అంది.

ఆ మధ్యాహ్నం ఖాళీ ప్లాటులో, చెత్త చేరే మూలన, శ్రీకళ చేట దించింది. యాదలక్ష్మి తవుడు పోసి బిడ్డను ఎత్తుకుంది. ఎదురు అపార్ట్‌మెంట్ బాల్కనీలోంచి ఎవడో వీడియో తీశాడు. పట్టపగలు పసిపాపను అమ్ముతున్నారని రాసి కాలనీ గ్రూపులో పెట్టాడు. వాళ్లిద్దరూ, వెంట వెళ్లిన నేనూ మా సందు మొగకు వచ్చేసరికి జనం చుట్టేశారు.

కింద పడ్డచోటి నుంచే నేను అరిచాను. "గది ఆచారం, బిక్షమన్నా. నిన్ను గూడ గట్లనే కొన్నరు. మీ అమ్మనడుగు."

"గా కాలం వేరు. నేను వీడియో చూసిన" అన్నాడు బిక్షమయ్య.

తనను బతికించిన ఆచారాన్ని అరనిమిషం బొమ్మ ముందు మర్చిపోయాడు. నా ఒళ్లు మండిపోయింది, ఇప్పటికీ మండుతూనే ఉంది.

ఎవడో యాదలక్ష్మి జుట్టు పట్టి వెనక్కి గుంజాడు. ఇంకొకడు బిడ్డను లాక్కుని శ్రీకళ ముఖం ముందు పెట్టాడు. "నీ బిడ్డేనా? అవునను, గీమెను ఇడిసిపెడతం."

ఎండ ఇంకా గోడల మీదే ఉంది. శ్రీకళ నోరు తెరిచింది. అంతలో యాదలక్ష్మి, పళ్లు ఊడి రక్తం కారుతున్న నోటితో, "ఆమెనడగకుర్రి. నా బిడ్డ. నేనే కొనుక్కున్న" అంది.

ఇక అడగాల్సింది ఏముంది వాళ్లకు? కొన్నదంట, ఒప్పుకున్నదంట అంటూ మీద పడ్డారు. క్రికెట్ వికెట్లు, కుర్చీ కాలు, చెప్పులు, ఏది దొరికితే దానితో కొట్టారు. రొట్టెలు తట్టే ఆ కుడిచేతిని ఒకడు బూటుకాలితో తొక్కి నిలబడ్డాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. కొట్టనివాళ్లు ఫోన్లు పైకెత్తి తీస్తున్నారు. నేను లేచి వెళ్లి శ్రీకళ భుజాలు పట్టి ఊపాను.

"అనవే. ఒక్క మాట అను. సంపేస్తున్నరు."

చున్నీ నోట్లో కుక్కుకుని, కళ్లవెంట నీళ్లు కారుస్తూ, తల అడ్డంగా ఊపింది. అప్పుడే ఎవడో ఇటుక ముక్క విసిరాడు. అది యాదలక్ష్మి ఎడమకంట్లో తగిలింది. ఆమె అరవలేదు, అలాగే పక్కకు ఒరిగింది. పోలీసు బండి వచ్చాక వీరులంతా ఎవరి గల్లీల్లోకి వాళ్లు జారుకున్నారు.

ఆమెను దవాఖానకు తీసుకెళ్లారు. శ్రీకళనూ నన్నూ బిడ్డనూ స్టేషన్‌లో కూర్చోబెట్టారు. నేను చెప్పింది నమ్మక ఎస్‌ఐ ఎన్నిసార్లు అడిగినా శ్రీకళ పెదవి విప్పలేదు. చీకటి పడి, హెడ్ కానిస్టేబుల్ దేవుడి పటం ముందు దీపం వెలిగించాడు. అప్పుడు లేచి నిలబడింది.

"సార్, గది నా బిడ్డ."

"గా మాట పగలు ఏమైందమ్మా?" అన్నాడు ఎస్‌ఐ.

"గప్పటికి దీపాలు పెట్టలే సార్."

ఆయన ఏం రాయాలో తోచక పెన్ను కింద పెట్టాడు.

మర్నాడు దవాఖానకు వెళ్లాను. కన్ను ఇక లేదని డాక్టర్ చెప్పాడు. చేతికి సిమెంట్ కట్టు, ముఖమంతా వాపు. శ్రీకళను నిలువునా కడిగెయ్యాలని, ఆ పిల్ల ఒక్క మాట అని ఉంటే నీ కన్ను నీకుండేదని ఈమెతో చెప్పాలని కోపంతో ఉడికిపోతూ వెళ్లాను. నా అడుగుల చప్పుడు గుర్తుపట్టి ఆమే ముందు అడిగింది.

"వేదా, ఆ పిల్ల దీపాలు వెట్టేదాక అనలే గద?"

నోటిదాకా వచ్చినదంతా మింగేశాను. "అనలే యాదక్కా" అన్నాను.

"ఇగ బతుకుతది" అంది.