కిరణ్మయి మాటకు సొంత టాంకు

మా కింది క్వార్టర్‌లో ఉండే ధర్మారావు ప్లాంటులో ముప్పై నాలుగేళ్లు క్రేను నడిపాడు. రిటైరయ్యాక కూడా ఏ వస్తువు కొన్నా ముందు అరచేతిలో పెట్టుకుని తూచి చూస్తాడు. గిన్నె కానీ తాళంకప్ప కానీ, బరువుంటే మంచిది, తేలికైతే పనికిరానిది. మా సెక్టర్ 6 మగవాళ్లలో సగం మందికి ఈ జబ్బుంది. ఉక్కు చేసే ఊరు కదా.

అతని భార్య కిరణ్మయి ఒక స్కూలు ఆఫీసులో టైపిస్టుగా చేసింది. మంచి మాటకారి. మేడ మీద నేను పోపు పెడితే, "వదినా, ఇంగువ మరిచిపోయినావు" అని కింద నుంచే కేకేసేది. కిందటేడు గొంతులో గడ్డ వచ్చింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ప్రాణం దక్కింది, మాట పోయింది.

రాయపూర్‌లో ఉండే కూతురు హరిత వచ్చి, ఇంట్లో ఉన్న పాత కంప్యూటరులో ఒక ఏర్పాటు చేసి వెళ్లింది. కిరణ్మయి తెలుగులో టైపు చేస్తే స్పీకరు పైకి చదువుతుంది. ఫోన్లోనూ అలా చేయొచ్చట గానీ, అద్దం మీద వేళ్లు రుద్దడం ఆమెకు పడదు. మీటలు నొక్కితేనే ఆ వేళ్లు పరుగెత్తుతాయి. కంప్యూటరు గొంతు వార్తలు చదివినట్టు ఉంటుంది. "ఏటి వదినా, అలగ సిక్కిపోయినావు" అని ఈమె కొడితే, అదేదో వాతావరణ హెచ్చరికలా చదివేది. మేం ముగ్గురం కడుపు పట్టుకుని నవ్వేవాళ్లం.

ఆ కంప్యూటరుకి నాలుగు సాకెట్లుంటే, ఒక పిడుగుల వానకి రెండు పోయాయి. కీబోర్డు, మౌసు, స్పీకరు, హరితకు ముఖం చూపించే కెమెరా, అన్నింటికీ చోటు చాలక ధర్మారావు యూఎస్‌బీ హబ్బు ఒకటి కొన్నాడు. ఒక తీగని కంప్యూటరుకి తగిలిస్తే ఆరు సాకెట్లిచ్చే చిన్న డబ్బా అది. దుకాణంలో ఉన్నవన్నీ తూచి, అన్నిటికన్నా బరువైనది తెచ్చాడు.

అప్పటినుంచే మాట తెగిపోవడం మొదలైంది. వాక్యం సగంలో ఉండగా స్పీకరు నోరు మూసుకునేది. తీసి మళ్లీ పెడితే కాసేపు పలికి మళ్లీ ఆగేది. ఎండాకాలం ముదిరేకొద్దీ మరీ ఎక్కువైంది. చివరికి కిరణ్మయి విసిగిపోయి పలక తీసుకుంది. పలక మీద ఎంతని రాస్తారు? "ఊఁ", "వద్దు", "తిన్నాను". ఆ తరువాత పలక కూడా ముట్టుకోకుండా తలే ఊపసాగింది. మూడు రోజులు కింద నుంచి చప్పుడు లేదు. నేను ఉండబట్టలేక దిగి వెళ్లాను.

ధర్మారావు వంటింటి గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. ఆపరేషన్ అయినప్పటినుంచి వంట అతనిదే. "అప్పా" అన్నాడు. మా వైపు అక్కని అలాగే పిలుస్తాం. "ఇలగే అలవాటైపోతే ఇంక మాటాడదేమో. నానెవుల్తో మాటాడాల?"

"ఆ డబ్బా విప్పు, లోపల ఏటుందో చూద్దాం."

"నీకేటి తెలుసు దాని గురించి?"

"తెలీదు కాబట్టే చూద్దామంటన్నాను."

స్క్రూలు తీశాడు. లోపల వేలెడంత ఆకుపచ్చ రేకు. దాని కింద జిగురుతో అంటించిన ఇనప ముక్క. ధర్మారావు దాన్ని గోటితో ఊడదీసి, చాలాసేపు చేతిలో పెట్టుకుని చూశాడు.

"ఉత్తి ఇనుమప్పా. బరువు కోసం ఎట్టినాడు."

"నీలాటోళ్లు తూసి కొంటారని ఆడికి తెలుసు" అన్నాను. కిరణ్మయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె నవ్వి ఎన్నాళ్లయిందో.

డబ్బా మళ్లీ బిగించి, ఎప్పుడు తెగుతుందో చూద్దామని టైపు చేయమన్నాను. "వదిన చీర బాగుంది" అని ఆమె కొట్టింది. అది చదివింది. మళ్లీ కొట్టింది, మళ్లీ చదివింది. ఉక్కగా ఉందని ధర్మారావు అలవాటుగా బల్ల మీదున్న చిన్న ఫ్యాను వేశాడు. మెడ దగ్గర చెమట పట్టకూడదని డాక్టరు చెబితే భార్య కోసం తెచ్చిన ఫ్యాను, అది కూడా ఆ హబ్బుకే తగిలించి ఉంది. "వదిన చీర బా" అని స్పీకరు ఆగిపోయింది.

ఫ్యాను ఆపమన్నాను. మాట వచ్చింది. వేయమన్నాను. పోయింది.

"ధర్మారావూ, పొద్దున్న నీళ్లొచ్చినప్పుడు కింద మీరు కొళాయి తిప్పితే, మేడ మీద నాకేటవుతాది?"

"దారంలాగ వస్తాది."

"మరి అప్పుడు నువ్వేటి చేసినావు?"

"నీకు సొంత టాంకు ఎట్టినాను." అంటూనే హబ్బు వైపు చూశాడు. "దీనికి టాంకు లేదు. కంప్యూటరిచ్చే ఆ కాస్త కరెంటే అందరూ పంచుకుంటన్నారు." చెయ్యి చాచి ఫ్యాను ఆపాడు. "నానెట్టిన ఫ్యానే కిరణ్మయి మాట కోసేసింది."

కిరణ్మయి పలక అందుకుని "ఫ్యాను తీసేయండి" అని రాసింది.

"ఈ వడగాడ్పుల్లో తీసేయడమేటి? రెండూ ఉండాల."

ఆ సాయంత్రమే సుపేలా బజారులో శరత్ దుకాణానికి వెళ్లాం. శరత్ వాళ్ల నాన్నది బొబ్బిలి. ఇతను మాత్రం ఇక్కడే పుట్టాడు, తెలుగులో హిందీ కలిపేస్తాడు. సొంత కరెంటు తెచ్చుకునే హబ్బు కావాలని అడిగాను. అడాప్టరు ఉన్నది ఒకటి తీసి పెట్టాడు. ధర్మారావు చెయ్యి తూచడానికి లేచి, జేబులోకి వెళ్లిపోయింది.

నేను అడగడం మొదలుపెట్టాను. ఆ అడాప్టరు డబ్బాలోనే వస్తుందా, వేరే కొనాలా? దాని మీద రాసిన కరెంటు మా సామాను అంతటికీ సరిపోతుందా? పాడైతే మారుస్తావా?

"పెద్దమ్మా, ఇత్నే సవాల్! ఇన్ని ప్రశ్నలు ఇంజినీర్లు కూడా అడగరు" అన్నాడు శరత్.

"ఆళ్లకి జీతం ఉంది, నాకు తీరిక ఉంది. చెప్పు."

అన్నిటికీ జవాబు చెప్పి, బిల్లు మీద ఏడాది వారంటీ ముద్ర కూడా వేశాడు. అయినా ధర్మారావు కదల్లేదు. సంచీలోంచి స్పీకరు, కెమెరా, కీబోర్డు, మౌసు, ఫ్యాను తీసి కౌంటరు మీద పరిచాడు.

"కొత్త క్రేను వస్తే, మొయ్యాల్సినదాని కంటే ఎక్కువ ఎత్తించి చూసేవాళ్లం. అది ఎంత బరువుందో కాదు, ఎంత మోస్తాదో చూడాల. ఆ పక్కనున్న ఇంకో ఫ్యాను కూడా తగిలించు, భయ్యా."

శరత్ దుకాణం కంప్యూటరుకే అన్నీ తగిలించాడు. రెండు ఫ్యాన్లూ తిరుగుతుండగా స్పీకరులో రేడియో పెట్టించి, ధర్మారావు స్టూలు మీద కూర్చున్నాడు. అరగంట. శరత్ టీ తెప్పించాడు. పాట ఒక్కసారీ తెగలేదు. అప్పుడు లేచి, "ఇది కట్టియ్యి" అన్నాడు.

ఇంటికొచ్చి అడాప్టరు గోడకి పెట్టి, అన్నీ తగిలించి, ఫ్యాను పూర్తిగా తిప్పాడు. కిరణ్మయి మమ్మల్నిద్దరినీ చూసి కుర్చీ ముందుకు జరుపుకుంది. వేళ్లు పరుగెత్తాయి. చాలాసేపు కొట్టింది. స్పీకరు వార్తలు చదివే గొంతుతో ఎక్కడా ఆగకుండా చదివింది.

"మూడు రోజుల బట్టి పప్పులో ఉప్పు ఎక్కువేస్తన్నారు. చెబుదామంటే మాట లేదు, పలకంతా రాస్తే అన్నం చల్లారిపోతాది. వదినకి కూడా అదే పప్పు పంపించినారు. మొహమాటానికి తినుంటాది, అడగండి."

ధర్మారావు నా వైపు చూశాడు. నేను తల ఊపాను. నిజంగానే ఎక్కువైంది.

అతను కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు. "ఇంకోసారి చదివించు" అన్నాడు.